నేను రెట్టింపు చేసిన డిస్కు

ధర్మవరంలో ఆ డిస్కును నొక్కి రెట్టింపు చేసింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత సాకులు వెతుక్కునే పని ఉండదు. హిందూపురంలో నాది కంప్యూటర్లు బాగుచేసే అంగడి. అప్పుడు నాకు పాతికేళ్లుంటాయేమో. పని అప్పుడప్పుడే చేతికొస్తోంది, తలపొగరు మాత్రం అంతకు ముందే వచ్చేసింది.

ఆ డిస్కు ఉన్న ఇంటాయన పట్టుచీరలకు డిజైన్లు గీసేవాడు. గళ్ల కాగితం మీద చుక్క చుక్కగా అంచులు, కొంగులు. ఊళ్లో అందరూ మాస్టరు అనేవాళ్లు, నేనూ అదే పిలుపు అలవాటు చేసుకున్నాను. గీసినదాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, దానికి తగిలించిన మిషనుతో అట్టలకు బెజ్జాలు కొట్టించేవాడు. ఆ అట్టలను వరసగా కుట్టి మగ్గం మీదికి ఎక్కిస్తే, బెజ్జం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. చీర మీద బొమ్మ పడేది అట్లాగే.

ఒకరోజు డిస్కు నిండిపోయింది. కొత్తది కొనాలేమో అని మాస్టరు దిగులుపడ్డాడు. "దుడ్లు దండగ ఎందుకు మాస్టరూ, ఉన్నదాన్నే రెట్టింపు చేస్తా చూడు" అన్నాను. ఫైళ్లన్నిటినీ నొక్కి, ఒకే పెద్ద ఫైలుగా మూటగట్టే ప్రోగ్రాము ఒకటి ఉండేది. పైకి చూస్తే డిస్కులో బోలెడంత చోటు దొరికినట్టు కనపడుతుంది. లోపల ఉన్నదంతా ఆ ఒక్క మూటే. దానికి ఎక్కడైనా చిల్లు పడితే ఏది జారిపోతుందో ఎవరూ చెప్పలేరు. ఈ రెండో సంగతి ఆయనకు నేను చెప్పలేదు.

అంతటితో ఊరుకున్నానా? గది మూల పేర్చి ఉన్న గళ్ల కాగితాల కట్టలను చూపించి, "ఇంకా ఇవెందుకు మాస్టరూ, చెదలు మేపేదానికా? అన్నీ లోపల భద్రంగా ఉండాయి కదా" అన్నాను. నా మాట నమ్మి ఆయన వాటిని పాత కాగితాలవాడికి వేసేశాడు.

ఆ కంప్యూటరు ఇప్పటికీ నడుస్తోంది. బెజ్జాలు కొట్టే మిషను దానికి తప్ప కొత్త కంప్యూటర్లకు తగలదు కాబట్టి నడవక తప్పదు. చెడిపోయిన భాగమల్లా ఎక్కడో ఒకచోట వెతికి తెచ్చి మార్చేవాణ్ణి. డిస్కును మాత్రం ముట్టుకోలేదు. దానికో కాపీ తీసిపెట్టాలని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. ఈలోగా మాస్టరుకు షుగరు ముదిరి రెండు కళ్లూ పోయాయి. ఇక గీసేది లేదు. పాత డిజైన్లకే ఆయన భార్య అట్టలు కొట్టించి మగ్గాలవాళ్లకు ఇస్తుంది. ఇద్దరూ తినే తిండి ఆ డిస్కులో ఉంది.

పోయిన ఆయుధపూజకు ముందు రోజు ఆమె ఫోను చేసింది.

"ఏమప్పా, కరెంటు పోయి వచ్చినంక ఇది ఏందో రాస్తాండాది. అట్టలు కొట్టడంల్యా. యాడ నొక్కల్ల?"

అక్షరం అక్షరం చదివించుకున్నాను. డిస్కులో తప్పులు వెతికే స్కాన్‌డిస్క్ అది. తప్పులు దొరికాయి, సరిచేయమంటావా అని అడుగుతోంది. సరిచేసే ముందు ఒక ఫ్లాపీ పెట్టమని కూడా అడుగుతోంది. పని చెడిపోతే వెనక్కి రావడానికి ఆ ఫ్లాపీయే దారి.

"ఫ్లాపీ ఈడ యాడుండాదప్పా?"

"లేకుంటే పోనీలే అక్కా, వదిలేసి ముందుకు నొక్కు."

నా అంగట్లో డబ్బా నిండా ఫ్లాపీలున్నాయి. రైలెక్కితే ఆ పూటే చేరేవాణ్ణి. పండగ ముందు గిరాకీ వదులుకోవడం ఇష్టం లేకపోయింది, అంతే. "రేపటి దాకా అది తిరుగుతానే ఉంటాది అక్కా, తిరగనీ. మధ్యాహ్నానికి నేనొచ్చి చూస్తా" అని ఫోను పెట్టేశాను.

మర్నాడు పొద్దున్నే నా అంగట్లో కంప్యూటర్లన్నీ ఆపి, దుమ్ము తుడిచి, ఒక్కోదానికీ విభూతి పూసి బొట్లు పెట్టాను. గుమ్మడికాయ కొట్టి, పక్క అంగళ్లవాళ్లకు బొరుగులు పంచాను. ఆ రోజు పనిముట్టును పనిచేయించకూడదు. దానికీ ఏడాదికొక్కరోజు విశ్రాంతి ఇవ్వాలి. ఇది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మగ్గాల ఊళ్లో ఇంకెంత గట్టిగా పాటిస్తారో కూడా తెలుసు. ఒక్కో స్విచ్చీ నా చేత్తో నేనే ఆపుతూ కూడా ధర్మవరంలో తిరుగుతున్న ఆ కంప్యూటరు సంగతి తట్టలేదు. నా బుద్ధి తగలెయ్యా!

రైలు పెనుకొండలో ఆగినప్పుడు ఫోను మోగింది. అక్క గొంతు హుషారుగా ఉంది.

"యాడికొచ్చినావప్పా?"

"పెనుకొండలో ఉండా అక్కా. ఏమంటాంది అది, అయిపోయిందా?"

"పండగ పూట తిప్పుతామా అప్పా? పొద్దున్నే స్విచ్చి ఆపేసి, తుడిచి, బొట్లు పెట్టి పూలేసినా. పాపం, నిన్నట్నుంచి ఒకటే కొట్టుకుంటాండె."

సరిచేస్తుండగా మధ్యలో ఆపితే మూట చిరిగినట్టే. తిట్టడానికి నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. ఆమె చేసిన పనే గంట కిందట నేనూ చేసి వచ్చాను. ఏ ముఖం పెట్టుకుని తిడతాను? పెనుకొండ నుంచి ధర్మవరం దాకా కిటికీ పక్కన కూర్చుని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇల్లు చేరి, పెట్టె మీది పూలు తీసి పక్కన పెట్టాను. ఈసారి బుద్ధిగా, ముందు డిస్కు మొత్తాన్నీ నేను తెచ్చిన ఇంకో డిస్కులోకి కాపీ చేసి, ఆ కాపీ మీదే పని మొదలుపెట్టాను. ఇరవై ఏళ్ల కిందట రావాల్సిన బుద్ధి. స్కాన్‌డిస్క్ మూటను విప్పి సర్దుతుండగానే అక్క స్విచ్చి ఆపేసింది. సగం ముక్కలు పాతచోట, సగం కొత్తచోట, కొన్ని ఎక్కడా లేవు. డిజైన్ల పేర్లు పోయి వరస నంబర్లు మిగిలాయి. ఒక్కోదాన్నీ తెరిచాను. ఒకదాంట్లో అంచు సగం. ఒకదాంట్లో హంస ముక్కు, దాని వెనక హంస లేదు. చాలావాటిలో ఏమీ లేదు.

మాస్టరు నా పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేనొక మీట నొక్కినప్పుడల్లా "ఏమొచ్చె?" అంటున్నాడు. "చూస్తాండా మాస్టరూ" అంటున్నాను. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో. చివరికి ఆయనే అన్నాడు.

"మిగతావి పోతే పోనీలేప్పా. గండభేరుండం కొంగు ఉండాదేమో చూడు. కండ్లు పోకముందు గీసిన కడపటిది అది. దాన్ని అడిగి ఇంకా వస్తాండారు."

వెతికితే దొరికింది. తోక ఉంది, రెక్కలు ఉన్నాయి. రెక్కల పైన తెర ఖాళీ. ఆ పక్షికి ఉండవలసిన రెండు తలలూ లేవు. మాస్టరు ముఖం నావైపే తిరిగి ఉంది. భయమేసింది నాకు. నిజంగా భయమేసింది.

"ఉండాది మాస్టరూ" అన్నాను.

"మొత్తం?"

"మొత్తం."

ఆయన పెద్దగా ఊపిరి వదిలి భార్యను పిలిచాడు. "వింటివా? ఉండాదంట! అట్టలు పెట్టు, కొట్టిద్దాం."

"పండగ కదా మాస్టరూ, రేపు కొట్టించొచ్చు" అన్నాను.

"నువ్వు వచ్చినప్పట్నుంచీ తిప్పుతానే ఉండావు కదప్పా. ఇంకేం పండగ? కొట్టించు."

అక్క అట్టలు పెట్టింది. మిషను ఒక్కోటే కొట్టి బయటికి తోస్తోంది. కళ్లు కనపడనాయన కదా, అట్టల కట్ట ఒళ్లో పెట్టుకుని సంతోషపడతాడులే, ఆలోపు ఇంటికి పోయి ఏదో ఒక ఉపాయం చూద్దాం అనుకున్నాను. మొదటి అట్ట చేతికిచ్చాను. ఆయన దాన్ని మోకాలి మీద పరిచి, బొటనవేలితో ఈ చివర నుంచి ఆ చివర దాకా నిదానంగా తడిమాడు.

"తోక కింది ఈక" అన్నాడు.

అక్క నవ్వుతూ, "కండ్లు పోయినంక ఆయప్ప అట్లే చూస్తాడు. ఒక్క బెజ్జం తప్పు పోయినా కనిపెడతాడు" అంది.

తోక అయింది. రెక్కలు మొదలయ్యాయి. అట్ట తడిమినప్పుడల్లా అది ఏ భాగమో చెబుతున్నాడు, ఇక్కడ ఎర్ర పోగు, ఇక్కడ జరీ అని. ఇంత సంతోషంగా ఆయనను చూసి ఎన్నాళ్లయిందో. మిషను ఆపేద్దామనుకున్నాను. అనుకుంటూనే ఇంకో అట్ట అందించాను.

"రెక్కలు అయిపాయ. ఇప్పుడు మెడలు రావల్ల. రెండు పక్కలకూ చీలతాయి చూడు" అని చెయ్యి చాచాడు.

అట్ట ఇచ్చాను. వేలు ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. దారం కుట్టే బెజ్జాలు తప్ప దాని మీద ఇంకేమీ లేవు. తిరగేసి ఇంకోసారి తడిమాడు. అక్క నావైపు చూసింది, నేను తల దించుకున్నాను. ఆయన ఆ అట్టను మిగతావాటి మీద అంచులు సరిచూసి పెట్టాడు.

"తరవాతది ఇయ్యి" అన్నాడు.

ఇచ్చాను. అదీ తడిమి, అదే కట్ట మీద పెట్టాడు. మళ్లీ చెయ్యి చాచాడు.