ఎత్తిన చేతులు నలభై ఒకటి

ఫిట్టర్ మాస్టారంటే ఆషామాషీ మనిషి కాదు. పల్లెటూళ్ళో ఒంటి గది బడిలో నేల మీద కూర్చుని అక్షరాలు దిద్దుకున్నవాడు, శిక్షణ కేంద్రంలో ముప్పై మూడేళ్ళు పని నేర్పి పద్నాలుగు వందల మందిని వాళ్ళ కాళ్ళ మీద నిలబెట్టాడు. వరుసగా తొమ్మిదేళ్ళు ఆయన బ్యాచ్‌లో ఒక్కరూ పరీక్ష తప్పలేదు. ఉత్తమ బోధకుడి పతకం రెండుసార్లు వచ్చింది. కళ్ళు మూసుకుని ఆకురాయి చప్పుడు విని, ఎవరి చెయ్యి పక్కకి ఒరుగుతోందో చెప్పేవాడు. ఆయన తరగతిలో చట్టం ఒక్కటే: చెయ్యెత్తాలి, మాస్టారు తలూపాలి, అప్పుడు నోరు విప్పాలి.

రిటైరయ్యాక, తెలిసిందంతా తనతోనే పోకూడదని బ్లాగు మొదలెట్టాడు. రెండు వేళ్ళతో టైపు చేస్తూ రెండేళ్ళలో తొంభై ఆరు పాఠాలు రాశాడు. ప్రతి పాఠం కిందా ఒకటే మాట: ‘వ్యాఖ్యలు 0’. మొదటి ఏడాది అది చూసి అన్నం సయించేది కాదు. రెండో ఏడాది చూడటం మానలేదు గాని, చూసినా ఏమీ అనిపించేది కాదు.

ఓ ఆదివారం పొద్దున, బట్టలు మడతపెడుతున్న భార్యతో, “ఇవాళ మూసేస్తున్నాను,” అన్నాడు.

“ఏంటి, కిటికీయా?”

“బ్లాగు. ఎవరూ చదవనిది ఎవరి కోసం?”

“అమ్మయ్య, ఆ కుర్చీ బతికిపోయింది.”

పక్క వీధిలో ఉండే చెల్లెలు అప్పుడే వచ్చి కూర్చుంది. చిన్న తరగతుల టీచరు. “మూసెయ్ అన్నయ్యా. నేను రాసినవాటికే దిక్కులేదు. నీ పాఠాల కింద మూడుసార్లు రాశాను, ఒక్కటీ పైకి రానివ్వలేదు నువ్వు. పెద్దాయనగారికి చెల్లెలి మాట ఆనలేదు కాబోలని ఊరుకున్నా.”

“నువ్వు రాశావా? ఎప్పుడు?”

“నాటకాలాడకు.”

“ఒట్టే! నాకేమీ రాలేదే.”

చెల్లెలు కుర్చీ లాక్కుని కంప్యూటర్‌లో అక్కడా ఇక్కడా నొక్కింది. మాస్టారు ఎన్నడూ తెరవని పేజీ ఒకటి తెరుచుకుంది. ‘అనుమతి కోసం వేచి ఉన్న వ్యాఖ్యలు 41.’

“ఎవరు పెట్టారిలా?” అని అడిగాడు గాని, అడుగుతుండగానే గుర్తొచ్చింది. మొదటి రోజున బ్లాగే అడిగింది, వచ్చినవాళ్ళు నేరుగా రాయొచ్చా, లేక మీరు తలూపాకా అని. అదేం ప్రశ్న అనుకుని రెండోది నొక్కాడు. తరగతిలో ఎత్తిన చెయ్యి బల్ల దగ్గర నుంచే కనబడేది. ఇదీ అంతే అనుకున్నాడు.

పాతవాటి నుంచి చదవడం మొదలెట్టాడు. ఏడో పాఠం దగ్గర ఆగిపోయాడు. పది మిల్లీమీటర్ల బోల్టు బిగియడానికి ట్యాపు అనే పనిముట్టుతో లోపల థ్రెడ్, అంటే మర చుట్లు, తీయాలంటే ముందు ఎనిమిదిన్నర డ్రిల్లుతో రంధ్రం వేయాలి. ఆయన తొమ్మిదిన్నర అని రాశాడు. మర్నాడే ఎవరో వర్క్‌షాప్ టీచరు రాశాడు: ‘పొరపాటున పడిందేమో మాస్టారూ, ఎనిమిదిన్నర కదా? పిల్లలు చూసి వేసేస్తారు.’

నాలుగు రోజులకి పని నేర్చుకుంటున్న ఓ అమ్మాయి: ‘మాస్టారూ, తొమ్మిదిన్నర వేస్తే థ్రెడ్ నిలవడం లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?’

ఇంకో వారానికి: ‘మాస్టారూ, ఉన్నారా? సోమవారం పరీక్ష.’

ఆ తర్వాత: ‘ఫెయిలయ్యాను. మా సార్ ఎనిమిదిన్నర అన్నారు. మాస్టారి బ్లాగులో అలా లేదని వాదించాను. సెలవు మాస్టారూ.’

చెల్లెలు మొదటి వ్యాఖ్య తేదీ మీద వేలు పెట్టింది.

“ఆ టీచరు మాట మర్నాడే కనబడి ఉంటే ఆ పిల్ల చూసుకునేది. నువ్వు నిద్రపోతున్నా సరే, చూసుకునేది,” అంది చెల్లెలు.

“అవును,” అన్నాడు. లోపల ఏదో తెగుతుందని, కనీసం కళ్ళు మండుతాయని ఎదురుచూశాడు. ఏమీ జరగలేదు. భార్య మడతపెట్టిన దుప్పటి అంచులు సరిగ్గా కలిశాయో లేదో చూస్తూ కూర్చున్నాడు.

“పాఠం దిద్దేసి ఆ నాలుగూ తీసేయండి. ఎవరు చూడొచ్చారు?” అంది భార్య మెల్లగా. “ముప్పై మూడేళ్ళ పేరు.”

తీసేయడానికి ఓ మీట, పైకి పంపడానికి ఓ మీట, రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మాస్టారు నాలుగింటినీ పైకి పంపాడు. పాఠం మొదట్లో ఒక వాక్యం చేర్చాడు: ‘తొమ్మిదిన్నర అని రాసింది నేనే, తప్పు. ఎనిమిదిన్నర. కింద ఇద్దరు చెప్పారు, నేను చూడలేదు.’ అమ్మాయికి విడిగా క్షమాపణ రాశాడు. మిగిలిన ముప్పై ఏడూ సాయంత్రం దాకా పట్టాయి. చెల్లెలివి మూడు. వాటిలో ఒకటి: ‘అన్నయ్యా, ఫొటో తలకిందులుగా ఉంది.’

“ఇప్పటికీ అలాగే వేళ్ళాడుతోంది,” అంది చెల్లెలు.

చివరికి తలూపే నియమం తీసేశాడు. బ్లాగు మూసే సంగతి ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మంగళవారం వర్క్‌షాప్ టీచరు రాశాడు: ‘ఇన్నాళ్ళకైనా చూశారు, సంతోషం.’ అమ్మాయి దగ్గర నుంచి ఏమీ రాలేదు. బుధవారమూ రాలేదు.

గురువారం ఎవరో కొత్తవాళ్ళు, పన్నెండు బోల్టుకి ఎంత డ్రిల్లు వేయాలని అడిగారు. మాస్టారికి నిద్రలో లేపి అడిగినా తెలిసిన లెక్క. ‘పది పాయింట్ రెండు’ అని టైపు చేసి ఆగాడు. కాసేపటికి దాని కింద ఇంకో మాట చేర్చాడు.

‘వర్క్‌షాప్ టీచరుగారూ, ఒకసారి సరిచూడండి. అడిగినవారు ఆయన చూశాకే డ్రిల్లు పట్టుకోండి.’

పంపించి, జవాబు కోసం అక్కడే కూర్చున్నాడు.