వెరోనాలో మోకాళ్ళ మీద

అబుదాబి దగ్గర ఐకాడ్ కార్మికుల క్యాంపులో ఉంటూ పదేళ్ళుగా పాలరాయి పరుస్తున్నాను. పరిచిన ప్రతి రాయినీ వేలి కణుపుతో కొట్టి చూడాలి. డొల్లగా పలికితే కింద సిమెంటు పట్టలేదని అర్థం. తీసి మళ్ళీ పరవాలి. ఈ అలవాటు ఎంత ముదిరిందంటే, ఆసుపత్రికి వెళ్ళినా డాక్టరు కంటే ముందు నేలనే చూస్తాను.

2023లో కంపెనీ నన్ను ఇటలీలోని వెరోనాకు పంపింది, ఒక హోటలుకు ఎర్రరాయి ఎంచుకు రమ్మని. ఫోర్‌మన్‌కు దక్కే ప్రయాణం అది. నాకు ముందు ఫోర్‌మన్ మా ఊరి పెద్ద మేస్త్రీ. నాకు పని నేర్పింది ఆయనే. ఆ రాయి పుట్టిన ఊరు ఒక్కసారి చూడాలని ఎప్పుడూ అనేవాడు. ఈ ప్రయాణానికి రెండేళ్ళ ముందు మేం నలుగురం పరిచిన ఒక విల్లా హాల్లో రాయి పగిలింది. ముదీర్, అంటే మా మేనేజరు, తప్పంతా ఆయనదేనని వీసా రద్దుచేసి ఇంటికి పంపాడు. ఆ రాయి ఎవరు పరిచారో నాకొక్కడికే తెలుసు. అన్నం వేళైందని దాన్ని కొట్టి చూడకుండా లేచి వెళ్ళింది నేనే.

పని ముగిశాక ఆదివారం ఒక్కణ్ణే ఊరు చూడ్డానికి నడిచాను. వీధుల నిండా మేం పరిచే ఎర్రరాయే, అందులో ఎప్పటివో నత్తగుల్లల గుర్తులు. ఒక పెద్ద చర్చిలో అందరూ తలెత్తి పైకప్పు బొమ్మలు చూస్తున్నారు. నేను ఉండబట్టలేక మోకాళ్ళ మీద కూర్చుని నేలను కొట్టి చూశాను. డొల్ల. పక్కదీ డొల్లే. నవ్వొచ్చింది. మా ముదీర్ ఉంటే ఈ మేస్త్రీలందరి వీసాలూ రద్దయ్యేవి. ఆ నవ్వులోనే పెద్ద మేస్త్రీ గుర్తొచ్చాడు, ఇక సిగ్గుతో లేవలేకపోయాను. ప్రార్థన చేస్తున్నాననుకుందేమో, ఒక ముసలావిడ నా భుజం నిమిరి పక్కనే మోకరిల్లింది.

బయట మెట్ల మీద కూర్చుని ఆయనకు వీడియో కాల్ చేశాను. వీధులు చూపిస్తుంటే మురిసిపోయాడు. అప్పుడు చెప్పాను.

"అన్నా, ఆ విల్లాల పలిగిన రాయి నేను పరిసిందే. కొట్టి సూడలె."



"నాకు చెప్పినవ్ తమ్మీ. ముదీర్‌కు చెప్పినవా?"

"లే అన్నా."

"పని రాకనే ఎల్లగొట్టిండ్రని ఊరంత అంటున్నది. ఒక్కలు కూడ పనికి పిలుస్తలేరు. నాకు చెప్తే ఏమొస్తది?" అని ఫోన్ పెట్టేశాడు.

తిరిగొచ్చిన రోజే ముదీర్‌కు చెప్పాను. పెద్ద మేస్త్రీ తప్పు లేదని ఒక కాగితం రాసిమ్మని అడిగాను. ముదీర్ కంప్యూటర్ మీంచి తల కూడా ఎత్తలేదు. "ఖలాస్, పురానీ బాత్. యల్లా, కామ్ పే జావ్" అన్నాడు, అయిపోయిన పాత సంగతి వదిలేసి పనికి పొమ్మని.

ఆ కాగితం నేనే తెలుగులో రాశాను. ఏ రాయి, ఎవరు పరిచారు, ఎందుకు చూడలేదు, అన్నీ రాసి సంతకం పెట్టి, ఫొటో తీసి మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఆ గ్రూపులో నా భార్యా, మా మామగారూ కూడా ఉన్నారు.