చెకింగమ్మ పడవ

సరస్సు ఒడ్డు మీద నిలబడగానే ఆవిడకి అర్థమైపోయింది. పడవని కట్టింది తను కాదు.

తాడుని గుంజకి రెండు చుట్లు చుట్టి, కొసని కిందనుంచి లాగి బిగించడం ఆవిడ పద్ధతి. ఇప్పుడు అక్కడ ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి, పార్సిల్ కట్టినట్టుంది. విప్పబోతే గోరు విరిగింది. లోపల తెడ్లు కుడిది ఎడమకి, ఎడమది కుడికి పడున్నాయి. అడుగున దోసెడు నీళ్ళు. రాత్రి వాన పడలేదు.

ఇంకొకరైతే గాలికి అటూ ఇటూ అయిందిలే అనుకుని పడవెక్కి చేపలకి పోయేవారే. ఈవిడ అలా పోయే రకం కాదు. ఉద్యోగమున్నన్నాళ్ళూ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసిన మనిషి. టికెట్ కొన్నవాడు కిటికీలోంచి బయటికి చూసే తీరు వేరు, కొననివాడు చూసే తీరు వేరు అని మెట్టు మీద కాలు పెడుతూనే పసిగట్టేది. డిపోలో వాళ్ళు ఎదురుగా మేడం అనీ, వెనక చెకింగమ్మ అనీ అనేవారు. ఆ రెండో పేరు తన చెవిన పడలేదని వాళ్ళ నమ్మకం. ఆవిడ చెవిన పడనిదేముంది!

రిటైరయ్యాక మొగుడూ పెళ్ళాలిద్దరూ ఊరి చివర ఈ సరస్సు ఒడ్డున చిన్న మేడ తీసుకున్నారు. ఆకులు రాలే కాలమంటే చెకింగమ్మకి ప్రాణం. మంచు తెరలు ఇంకా నీళ్ళ మీద ఉండగానే పడవేసుకుని రెల్లు దాకా పోయి గాలం వేస్తుంది. ఎండెక్కాక ఇంటికొచ్చి, ఆపిల్ పళ్ళు చెక్కు తీసి జాం కాచి సీసాలకెత్తుతుంది. సాయంత్రం స్వెటరు అల్లుతుంది. ఆయనకి మాత్రం నీళ్ళంటే భయం. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించిన మనిషి, మెత్తని చేతులు, మెత్తని మాట. ఒడ్డున బల్ల మీద కూర్చుని నీటిరంగులతో బొమ్మలు వేసుకుంటాడు. ఎనిమిదేళ్ళుగా అదే సరస్సు, అదే ఒడ్డు, అదే బల్ల.

కాబట్టి ఆవిడ అనుమానం మొగుడి మీదికి పోలేదు. తిన్నగా పక్కింటి పళ్ళ డాక్టరు మీదికి పోయింది.

ఆయనా రిటైరైనవాడే, ఒంటరి మనిషి. పోయినేడు రెల్లు దగ్గర చేపలు పడే మంచి చోటు ఎవరిదన్న దాని మీద ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. ఆ తర్వాత సర్దుకున్నారనుకోండి. సర్దుకోవడం వేరు, మర్చిపోవడం వేరు.

ఆయన పెరట్లో పొడుగు చీపురుతో ఆకులు ఊడుస్తుంటే ఆవిడ కంచె దగ్గరికి పోయింది.

"డాక్టరు గారూ!"

మామూలుగా "అన్నయ్యగారూ" అనే మనిషి. ఆ పిలుపు వినగానే చీపురు ఆగిపోయింది.

"చెప్పండి చెల్లెమ్మా."

"నా పడవ ఎవరైనా తీస్తున్నారా?"

"పడవా? ఏ పడవ?"

"ఈ ఒడ్డున ఇంకెన్ని పడవలున్నాయండీ?"

"నాదొకటుంది కదా. చిల్లుపడి బోర్లా పడుంది."

"అందుకే అడుగుతున్నాను."

"నన్ను అనుమానిస్తున్నారా చెల్లెమ్మా?"

"నేనెవర్నీ అనుమానించను. అడుగుతాను, అంతే."

బస్సులో వెనక సీటు కుర్రాళ్ళతో అన్న మాటే అది, అదే గొంతు. డాక్టరు నీళ్ళు నమిలాడు. గాలి బాగా వీస్తోందన్నాడు, ఆకులు ఎంత ఊడ్చినా తరగడం లేదన్నాడు. పడవ తీయలేదని మాత్రం అనలేదు. చెకింగమ్మ ఆ లోటుని అక్కడికక్కడే పట్టుకుంది.

మర్నాడు పడవలో బల్ల కింద పిప్పరమెంటు కాయితం దొరికింది. దాంతో లెక్క తారుమారైంది. పళ్ళ డాక్టరు పిప్పరమెంట్లు తింటాడా? ఊళ్ళో వాళ్ళందర్నీ తినొద్దని చెవిలో ఇల్లు కట్టుకుని పోరిన మనిషాయె! కాయితాన్ని తెచ్చి మొగుడి కాఫీ కప్పు పక్కన పెట్టింది.

"ఇదేంటండీ?"

"పిప్పరమెంటు కాయితం."

"కాయితమని నాకూ తెలుసు. పడవలో దొరికింది."

"గాలికి కొట్టుకొచ్చి ఉంటుందిలే."

"గాలికొచ్చి బల్ల కిందకి దూరి, మడత కూడా పెట్టుకుందా?"

ఆయన కాఫీ మీద తేలని మీగడ కోసం వెతుకుతున్నట్టు కప్పులోకి తల వంచేశాడు. ఈ తల వంచడం చెకింగమ్మకి తెలుసు. నిద్ర నటించే ప్రయాణికుడు వంచినట్టే ఉంది.

ఆ రోజు నుంచి కళ్ళల్లో వత్తులేసుకుని మొగుణ్ణి చూడసాగింది. భోజనం దగ్గర ఉప్పు అందిస్తుంటే అరచేతులు కనిపించాయి. వేళ్ళ మొదట్లో బొబ్బలు.

"ఏమైందండీ చేతులకి?"

"ఆకులు ఊడ్చాను."

ఆవిడ కిటికీలోంచి చూసింది. పెరడంతా పసుపూ ఎరుపూ ఆకులు చీలమండ దాకా ఉన్నాయి. ఇంకాస్త కూర వడ్డించింది. దొరికిపోయినవాడికి కాస్త వ్యవధి ఇస్తే ఇంకా లోతుగా దొరికిపోతాడన్నది ఆవిడ అనుభవం.

సాయంత్రం చెల్లెలికి ఫోన్ చేసింది.

"మీ బావగారు ఏదో దాస్తున్నారే."

"ఈ వయసులోనా అక్కా? ఎవరావిడ?" చెల్లెలు పకపకా నవ్వింది.

"ఆవిడైతే ఈపాటికి పట్టుకునుందును. ఇది నా పడవ వ్యవహారం. డాక్టరూ ఈయనా కలిసి ఏదో చేస్తున్నారు. నాకు తెలీకుండా ఈయన దాన్ని డాక్టరుకి ఇచ్చేస్తున్నారేమో. ఆ డాక్టరు నడిపి చూసుకుంటున్నట్టున్నాడు."

"బావగారు అంత పని చేస్తారా? నీకు చెప్పకుండా చొక్కా కూడా కొనుక్కోరు కదే!"

"అదే నాకూ అంతుబట్టడం లేదు."

"పోనీ, నేరుగా అడగొచ్చుగా?"

అడగొచ్చు. కానీ అడిగితే అబద్ధం చెబుతాడేమోనన్న భయం ఒకటి కొత్తగా పట్టుకుంది ఆవిణ్ణి. నలభై ఏళ్ళ కాపురంలో అలాంటి భయం ఎప్పుడూ ఎరగదు.

బజారు రోజు వచ్చింది. చెకింగమ్మ సంచీ తీసుకుని, మధ్యాహ్నానికి గానీ రానని మొగుడికి రెండుసార్లు వినపడేలా చెప్పి బస్సెక్కింది. కండక్టరు ఆవిణ్ణి చూసి ఠక్కున నిలబడ్డాడు. మొదటి స్టాపులోనే దిగిపోయేసరికి బిక్కమొహం వేశాడు పాపం, తన బస్సులో ఏం తప్పు దొరికిందోనని. ఆవిడ మట్టిబాట పట్టి, సరస్సు చుట్టూ తిరిగి, రెల్లులోకి దూరి నిలబడింది. బూట్లలోకి బురదనీళ్ళు చల్లగా ఎక్కాయి.

కాసేపటికి ఇద్దరూ వచ్చారు.

డాక్టరు పడవని పట్టుకున్నాడు. ఆయన, అంటే తన మొగుడు, కోటు మీద లైఫ్ జాకెట్టు బిగించుకుని, పడవలో ఒక కాలూ ఒడ్డున ఒక కాలూ పెట్టి, అటూ కాక ఇటూ కాక ఊగుతున్నాడు. చెకింగమ్మ అరవబోయి నోరు నొక్కుకుంది. ఆయన ఎలాగో కూలబడ్డాడు. తెడ్లు తీసుకున్నాడు. అవి కుడి ఎడమలు మారి ఉన్నాయి. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. డాక్టరు కూడా ఎక్కి ఎదురుగా కూర్చున్నాడు.

"ఊపిరి తీసుకోండి. మెల్లగా. నొప్పేం ఉండదు," అన్నాడు డాక్టరు అలవాటు కొద్దీ. "ఇదిగో, ఈ పిప్పరమెంటు బుగ్గన పెట్టుకోండి. నా దగ్గరికి వణుకుతూ వచ్చిన వాళ్ళందరికీ, పని అయ్యాక ఇచ్చేవాణ్ణి. మీకు ముందే ఇస్తున్నాను."

నీళ్ళ మీద మాట ఎంత దూరమైనా పోతుంది. పడవ వంకరటింకరగా రెల్లు వైపే వస్తోంది.

"చెల్లెమ్మకి చెప్పేయరాదూ?" అన్నాడు డాక్టరు. "నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నారావిడ. కంచె దగ్గరికి రావాలంటే నాకు కాళ్ళాడడం లేదు."

"ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టండి డాక్టరు గారూ."

"ఆవిడ నాకన్నా బాగా నేర్పుతారు కదా."

"నేర్పుతుంది. కానీ ఆవిడ చూస్తుంటే నేను నేర్చుకోలేను, తప్పులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాను. మొదటేడు నన్నూ పడవ ఎక్కించింది కదా. చిన్నపిల్లలు కూడా ఇంత భయపడరండీ అంది. నవ్వుతూనే అందిలెండి. మీకైతే భయపడేవాళ్ళని చూడడం అలవాటు."

"మరి అంత భయం పెట్టుకుని ఎందుకండీ ఇప్పుడీ అవస్థ?"

ఆయన తెడ్లు ఆపాడు. పడవ తనంతట తానే కొంచెం తిరిగింది.

"మా ఇల్లు అక్కణ్ణుంచి ఎలా ఉంటుందో చూడాలని," అన్నాడు సరస్సు నడిమధ్యకి గడ్డం చూపించి. "ఎనిమిదేళ్ళుగా ఒడ్డున కూర్చుని నీళ్ళ బొమ్మ వేశాను. నీళ్ళ మీద కూర్చుని ఒడ్డు బొమ్మ వేయాలని ఉంది. అంతే."

రెల్లులో నిలబడ్డ మనిషికి ఎటు చూడాలో తెలియలేదు. రెండడుగులు బయటికి వేస్తే చాలు, ఇద్దరూ దొరికిపోతారు. జీవితంలో ఆవిడ ఒక్క ప్రయాణికుణ్ణి వదల్లేదు. ముసలివాళ్ళని వదల్లేదు, ఏడ్చినవాళ్ళని వదల్లేదు. సొంత పెత్తండ్రిని కూడా బస్సు దింపిందని డిపోలో కథలు చెప్పుకునేవారు. ఆ రెండడుగులూ వేయలేదు. బురదలోంచి చప్పుడు కాకుండా కాలు పెరుక్కుని, వచ్చిన బాటనే వెనక్కి పోయింది. ఉత్త సంచీతో వస్తే బావుండదని, మళ్ళీ బస్సెక్కి బజారుకి పోయి నిజంగానే కూరగాయలు కొంది.

మర్నాడు జాం సీసా పట్టుకుని కంచె దగ్గరికి వెళ్ళింది.

"అన్నయ్యగారూ, ఆపిల్ జాం. పళ్ళకి మంచిది కాదనుకోండి."

డాక్టరు సీసా అందుకుంటూ ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. "ఎప్పుడు చూశారు?"

"నేనేం చూశాను?"

"మరి మళ్ళీ అన్నయ్యగారినెలా అయ్యాను?"

"ఆయనకి ఒకసారి తెడ్లు మార్చి పట్టుకోమని చెప్పండి," అంది ఆవిడ గొంతు తగ్గించి. "నేను చెప్పానని మాత్రం అనకండి."

చలి ముదిరింది. ఏటా ఈ పాటికి పడవని ఒడ్డుకి లాగించి బోర్లించేసేది. ఈ ఏడు ఇవాళ కాదు, రేపు కాదు అంటూ వాయిదా వేస్తూ పోయింది. పొద్దున్న ముడి విప్పేటప్పుడు గోళ్ళు విరుగుతున్నా కిమ్మనలేదు. బజారుకి వారానికి ఒకసారి పోయే మనిషి రెండుసార్లు పోవడం మొదలుపెట్టింది. ఇంట్లో ఉల్లిపాయలు గుట్టలు పడ్డాయి. ఇప్పుడు అనుమానం ఆయన వంతైంది.

"ఏమోయ్, పడవ ఇంకా తీయించలేదేం?"

"ఎండ బానే ఉంది కదండీ."

ఆయన ఆవిడ మీదున్న రెండు స్వెటర్ల వంకా, కిటికీ మీద పట్టిన మంచు వంకా చూశాడు. "ఒంట్లో బానే ఉందా?"

"నాకేం, దుక్కలా ఉన్నాను."

ఒకరోజు పొద్దున్నే ఆవిడ గాలం తీసుకుని ఒడ్డుకి పోయేసరికి ఆయన అప్పటికే అక్కడున్నాడు, భుజాన బొమ్మల సంచీతో. లైఫ్ జాకెట్టు గడ్డం దాకా బిగించుకున్నాడు.

"ఇవాళ తెడ్లు నేను వేస్తాను. నువ్వు అటు కూర్చో."

"మీరా!" అంది ఆవిడ. మరీ గట్టిగా అంది. రెల్లులో పక్షి ఒకటి లేచిపోయింది.

ఆయన అదోలా చూసి తెడ్లు అందుకున్నాడు. పడవ కదిలింది. ఒక తెడ్డు లోతుగా, ఒక తెడ్డు తేలిగ్గా పడుతోంది. చెకింగమ్మ రెండు చేతులూ ఒళ్ళో కట్టుకుని, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంది. నడిమధ్యకి చేరేసరికి ఆయన నుదురంతా చెమట. తెడ్లు లోపలికి లాక్కుని, కాయితం తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని ఒడ్డు వంక చూస్తూ ఉండిపోయాడు.

"పైకిటికీ వంకరగా ఉంది చూశావా?" అన్నాడు చివరికి.

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. నిజమే, కుడివైపుకి ఒరిగి ఉంది. ఎనిమిదేళ్ళుగా రోజూ ఇంటి వైపే మొహం పెట్టుకుని తెడ్లు వేసింది. ఎప్పుడూ రెల్లు దగ్గరికి ఎవరైనా వస్తున్నారా అనే చూసింది గానీ, ఇల్లు చూడలేదు.

"చూడలేదండీ," అంది.

ఆయన పెన్సిలు ఆపాడు. "నీకు ముందే తెలుసు కదూ?"

"ఏమిటి?"

ఆయన ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆవిడ కిటికీ వంకే చూసింది. ఆయన మళ్ళీ గీసుకోవడం మొదలుపెట్టాడు.

తిరిగొచ్చేటప్పుడు పడవ తిన్నగా రెల్లులోకి పోతుంటే ఆవిడ ఆగలేకపోయింది.

"కుడి తెడ్డండీ, కుడి తెడ్డు!"

"చెప్పావూ! చివరికి చెప్పావూ!"

"రెల్లులోకి దూరాక చెప్పమంటారా?"

ఆయనకి నవ్వొచ్చి తెడ్డు జారింది. నీళ్ళు ఆవిడ ఒళ్ళోకి చిమ్మాయి. చన్నీళ్ళకి కెవ్వుమంది. ఒడ్డున డాక్టరు చేతిలో చీపురుతో పరిగెత్తుకొచ్చాడు, ఎవరో పడిపోయారనుకుని. ఇద్దరూ నవ్వుతుంటే చూసి అక్కడే ఆగిపోయి, ఎందుకు నవ్వుతున్నారో అర్థంకాక, అనుమానంగా ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు.