బొట్టు పెట్టిన క్లచ్

దసరా తెల్లారి, నాందేడ్‌లో మా వాకిట్లో మా బావ తల పట్టుకుని కూర్చున్నాడు. ఆయన వేలంలో కొన్న పాత గార్డెన్ ట్రాక్టర్ ఇంజను బ్రహ్మాండంగా నడుస్తోంది గానీ, గడ్డి కోసే బ్లేడ్లు తిరగడం లేదు. మధ్యాహ్నం క్రికెట్ మైదానం మేనేజర్ వచ్చి చూస్తానన్నాడు. బ్లేడ్లు తిరిగితే మైదానం పని బావది. లేకపోతే ఆయన మళ్లీ ముంబై దగ్గరి భివండికి మరమగ్గాల పనికి పోవాలి, అక్క మళ్లీ మా ఇంట్లోనే ఒంటరిగా ఉండిపోవాలి.

"క్లచ్‌ల కాయిల్ కాలినట్టున్నది పిల్లా! హైదరాబాద్ పంపాలె."

"ఆగు బావా, నేనున్న గద!" అప్పుడే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు పూర్తి చేశాను. నా చేతులు ఊరుకుంటాయా!

ఆ క్లచ్ ఇంజను ముందు ఒకదాని వెనక ఒకటి గుండ్రటి రెండు పళ్లేల్లా ఉంటుంది. స్విచ్ వేస్తే లోపలి కాయిల్ అయస్కాంతమై రెండో పళ్లేన్ని లాగి పట్టుకుంటుంది, బ్లేడ్లు తిరుగుతాయి. మీటరు పెట్టి చూశాను. కాయిల్ బాగానే ఉంది! స్విచ్ వేస్తే టక్‌మని చప్పుడూ వస్తోంది. మరి పట్టు ఎందుకు జారుతోంది? వంగి లోపలికి చూసి ఎగిరి గంతేశాను. ముందురోజు ఆయుధపూజలో ఆ తళతళలాడేదే బండి మొహమనుకుని, మా అమ్మ గుళ్లో మారుతి విగ్రహానికి పూసినట్టు నూనెలో కలిపిన సింధూరం దట్టంగా పూసింది. ఆ నూనె కాస్తా పళ్లేల మధ్యకు దిగింది.

"దొరికింది బావా, దొరికింది!" అని పెట్రోలు గుడ్డ తీసుకున్నానో లేదో, అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"బొట్టు తుడుస్తవానే? దిమాక్ ఉన్నదా? అల్లుని బండి గది!"

"నూనె ఉంటే బండి పని చెయ్యదే అమ్మా!"

"చెయ్యకపోతే పాయె. తుడవొద్దు!"

నాకు ఒళ్లు మండిపోయింది. బావేమో అత్తకు ఎదురు చెప్పలేక ఆకాశం చూస్తున్నాడు, మహానుభావుడు! అంతవరకు గడప దగ్గర నిలబడ్డ అక్క గబగబా వచ్చి నా చేతిలోని గుడ్డ లాక్కుంది.

"పండుగకు అస్తడు, పోతడు. మనిషే ఇంట్ల లేకుంటే గా బొట్టుతోని నాకేం సుఖమే అమ్మా?"

తనే తుడిచేసింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

క్లచ్ విప్పి, పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్దాను. పళ్లేల మధ్య ఉండాల్సిన సన్నని సందుకు కొలతగా అక్కాబావల పెళ్లి పత్రిక అట్ట ముక్కలు పెట్టి, నట్లు బిగించి, ముక్కలు లాగేశాను. బావ సీటెక్కి స్విచ్ వేశాడు. టక్! బ్లేడ్లు గిర్రున తిరిగాయి! వాకిట్లో గడ్డితో పాటు అమ్మ పెంచిన బంతి మొక్కలు సగం ఎగిరిపోయాయి. నేను కేకలు, బావ ఈలలు!

మేనేజర్ వచ్చి, చూసి, "ఉద్యా సకాళీ యా," రేపు పొద్దున పనికి రమ్మని మరాఠీలో చెప్పి వెళ్లాడు.

"ఇగ భివండి పేరెత్తు, జెప్త నీ సంగతి!" అని బావ మీద అరిచి, అక్క అందరి ముందే బోరున ఏడ్చేసింది.