హారిక కూర్చునే సీటు

ఇది మా ఆయనకు తెలియదు. నా పిల్లలకు తెలియదు. ఇన్నేళ్ళూ లోపలే పెట్టుకుని మోశాను, ఇక నా వల్ల కాదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. ముందే ఒక మాట. చదివి నన్ను ఓదార్చకండి. ‘అప్పట్లో ఎవరికి తెలుసులెండి’ అని అసలు అనకండి, నాకు ఒళ్ళు మండుతుంది.

నాలుగేళ్ళ పిల్లను నేను బస్సు ఎక్కకుండా చేశాను. పొరపాటున కాదు, కావాలని.

తొంభైల్లో మేము ఖతర్‌లో ఉండేవాళ్ళం. మెసయీద్‌లో మా ఆయన పనిచేసే కంపెనీ కాలనీలో ఇల్లు. మగవాళ్ళు డ్యూటీకి వెళితే ఆడవాళ్ళం ఏసీ చప్పుడు వింటూ కూర్చోవడమే. మాలో కారు నడపడం వచ్చినవాళ్ళు లేరు. కాలనీ గేటు దాటితే ఇసుక, ఫ్యాక్టరీ గొట్టాలు. అందుకని ప్రతి మంగళవారం కంపెనీ వాళ్ళు ఆడవాళ్ళకూ పిల్లలకూ ఒక బస్సు వేసేవారు. పొద్దున దోహా తీసుకెళ్ళి సాయంత్రానికి తిరిగి దింపేది. కూరగాయలకైనా, చీరలకైనా, డాక్టరుకైనా అదే బస్సు. మంగళవారం వస్తోందంటే జైలు నుంచి సెలవు దొరికినట్టు ఉండేది మాకు.

ఆ బస్సులో వసుంధర, ఆమె కూతురు హారిక వచ్చేవాళ్ళు. అసలు పేర్లు కావు ఇవి. అసలు పేర్లు రాసే ధైర్యం ఇప్పటికీ లేదు. వసుంధరది వరంగల్ వైపు, భర్త షిఫ్టు ఆపరేటరు. మేము ఇంజనీర్ల భార్యలం, పైగా కోస్తావాళ్ళం. ఆమె మాట్లాడితే మేం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళం. ఆమె ముందే. ఆమె కూడా మాతో పాటు నవ్వేది, ఎందుకు నవ్వుతున్నామో తెలియనట్టు. తెలియక కాదని ఇప్పుడు అనిపిస్తుంది.

హారిక మాట్లాడేది కాదు. పిలిస్తే చూసేది కాదు. వేళ్ళు కళ్ళ ముందు పెట్టుకుని ఆడించుకుంటూ సన్నగా కూనిరాగం తీసేది. ఆటిజం అనే మాట అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. మాకు తెలిసిన మాటలు వేరే ఉన్నాయి, పిచ్చిది, గాలి సోకింది, తల్లి చేసుకున్న కర్మ. ఆ మాటలు వాడాం. క్లబ్బులో పిల్లల స్విమ్మింగ్ పూల్‌లోకి ఆ పిల్ల దిగితే మిగతా తల్లులు తమ పిల్లల్ని చెయ్యి పట్టి బయటికి లాగేవారు. దోహా సూపర్ మార్కెట్‌లో ఒకసారి చెవులు మూసుకుని నేల మీద పడుకుంటే, గార్డు వచ్చి వాళ్ళిద్దరినీ బయటికి పొమ్మన్నాడు. మండుటెండలో తల్లీకూతుళ్ళు బస్సు వచ్చేదాకా గోడ నీడన కూర్చున్నారు. నేను లోపల చల్లగా ద్రాక్షపళ్ళు ఏరుకుంటున్నాను. అద్దంలోంచి వాళ్ళు కనిపిస్తూనే ఉన్నారు.

అప్పుడు నేను కడుపుతో ఉన్నాను. అంతకు ముందు ఒకటి నిలవకుండా పోయింది. ఇంటి నుంచి మా అత్తగారు ఫోను చేసినప్పుడల్లా ఒకటే పాట, అలాంటి పిల్లల మొహం చూడకు, కడుపులో బిడ్డకు తగులుకుంటుంది అని. నేను డిగ్రీ చదివినదాన్ని. నమ్మానా? నమ్మాను. పగలు నవ్వేసేదాన్ని, పడుకున్నాక నమ్మేదాన్ని. ఒక మంగళవారం హారిక నా షిఫాన్ చీర కొంగు పట్టుకుంది. ఆ పిల్లకు మెత్తటి బట్టలు నిమరడం ఇష్టం. కొంగు నిమురుతూ నిమురుతూ అరచెయ్యి నా పొట్ట మీద ఆనించింది. నేను ఆ చేతి మీద ఫెడీమని కొట్టాను. వసుంధర నాకే సారీ చెప్పింది.

ఆ రోజే మనసులో అనుకున్నాను, ఈ పిల్ల ఈ బస్సులో ఉండకూడదని.

ఆ పిల్ల ఊరికే ఏడ్చేది కాదు. ఈ సంగతి బస్సులో ఆడవాళ్ళెవరూ పట్టించుకోలేదు గానీ నేను కనిపెట్టాను. భయపడేవాళ్ళు బాగా గమనిస్తారు కదా. డ్రైవరు వెనక మొదటి సీటు, కిటికీ పక్కన. అందులో కూర్చుంటే దోహా దాకా కిటికీకి నుదురు ఆనించి కూనిరాగం తీసుకుంటూ వచ్చేది. ఎవరైనా అందులో కూర్చుంటే మాత్రం ప్రాణం పోతున్నట్టు అరిచేది. ఒకటి రెండుసార్లు అలా జరిగాక డ్రైవరు ముందే తన తువ్వాలు ఆ సీటు మీద వేసి ఉంచేవాడు. తువ్వాలు చూసి అందరూ అలవాటుగా వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు.

ఒక వారం లేడీస్ క్లబ్ ప్రెసిడెంటుగారు కూడా బస్సులో వస్తున్నారని తెలిసింది. పెద్దాఫీసరు భార్య. ఆమెకు గోల పడదు. ఆమె మాటంటే ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో చెల్లుతుంది. నేను ఆ రోజు అందరికంటే ముందు వెళ్ళాను. డ్రైవరు కింద నిలబడి టీ తాగుతున్నాడు. తువ్వాలు తీసి మడతపెట్టి పైన సామాన్ల అరలో పెట్టాను. ఆ సీట్లో కూర్చున్నాను.

అవతలి వైపు ముందు సీటు ఖాళీగానే ఉంది. కుదుపులు లేకుండా ముందు కూర్చోమని డాక్టరు చెప్పిందని అడిగినవాళ్ళకు చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. ఎవరూ అడగలేదు. డ్రైవరు కూడా నా పొట్ట చూసి తల తిప్పుకున్నాడు. కడుపుతో ఉన్నదాన్ని లెమ్మని మనవాళ్ళు ఎవరంటారు? ఆ లెక్క కూడా వేసుకునే కూర్చున్నాను. చూడండి నా తెలివి.

వసుంధర ఎక్కింది. నన్ను చూసింది. నా పొట్ట చూసింది. పిల్లను ఎత్తుకుని పక్క సీటు వైపు తిప్పబోయింది. హారిక మొదలుపెట్టింది. ఆ అరుపు ఎలా ఉంటుందో రాయలేను. రాయను కూడా. తల సీటు కమ్మీకి కొట్టుకుంది. తల్లి చెయ్యి కొరికింది. మోచేతి దగ్గర రక్తం వచ్చింది. బస్సు గేటు దాటి రోడ్డెక్కాక కూడా ఆగలేదు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. లేస్తే ఆగిపోతుందని నాకు తెలుసు. నడుం నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్ల అరుస్తున్నకొద్దీ నాకు లోపల ఏదో గెలిచినట్టు ఉంది. ఇది రాయడానికే ఇన్నేళ్ళు పట్టింది.

ప్రెసిడెంటుగారు బస్సు వెనక్కి తిప్పించి తల్లీబిడ్డల్ని గేటు దగ్గర దింపేయించింది. ఆ సాయంత్రం ప్రెసిడెంటుగారింట్లో మీటింగు. బజ్జీలు, టీ. అసలేం జరిగింది, నువ్వు దగ్గరే ఉన్నావుగా అని నన్ను అడిగింది. ఏమీ లేదండీ, ఊరికే మొదలుపెట్టింది, నాకైతే కడుపులో బిడ్డకు ఏమవుతుందోనని గుండె జారిపోయింది అన్నాను. అందరూ నా వైపు జాలిగా చూశారు. హారికను ఇక బస్సు ఎక్కించకూడదని తేల్చారు. ఇంకో బజ్జీ తిన్నాను.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం వసుంధర మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడింది. మోచేతికి గుడ్డ కట్టుకుని ఉంది.

“అక్కా, మీరు చెప్తే వాళ్ళు వింటరు. పాప ఊకె ఏడ్వది. గా సీటొక్కటి ఉంటే సాలు, సప్పుడు చెయ్యది,” అంది.

“నన్నేం చెయ్యమంటావు, బస్సు నాదా?” అన్నాను.

“దోహాల ఒక మేడమ్ దగ్గరికి తీస్కపోతున్న. మాటలు నేర్పుతది. మొన్ననే ‘బస్’ అనుడు నేర్సింది అక్కా, ఫస్టు మాట. ఆయనకేమో షిఫ్టు డ్యూటీ, లీవియ్యరు. నాకు ఈ బస్సు తప్ప వేరే దారి లేదు.”

నేను తలుపు సగం మూశాను. ఆమె నేను కోపంగా ఉన్నాననుకుంది కాబోలు.

“మీ తప్పేం లేదక్కా. మీకు తెల్వక కూసున్నరు. నేనే ముందుగాల మీకు చెప్పకపోతి.”

అప్పుడైనా నోరు విప్పొచ్చు. విప్పాను. ఏమన్నానో వినండి.

“పిల్ల అలాంటిదని తెలిసి కూడా ఊరంతా తిప్పుతావేం? ఇంట్లో పెట్టుకోరాదూ?”

“ఇంట్ల పెట్టుకుంటే మాటలెట్ల వస్తయక్కా?” అంది. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. నడుం నొప్పిగా ఉంది, పడుకోవాలని చెప్పి తలుపు వేసేశాను.

తర్వాతి మంగళవారం హారిక గేటు దగ్గరికి వచ్చింది. చెప్పులు వేసుకుని, భుజానికి చిన్న సంచీ. తల్లి రెక్క పట్టుకుని ఆపుతోంది. బస్సు వాళ్ళను దాటుతుంటే ఆ పిల్ల ‘బస్, బస్’ అంది. స్పష్టంగా అంది. బస్సులో అందరం విన్నాం. కొందరు నవ్వారు కూడా, మూగది కాదన్నమాట అని. ఆ మీదటి వారాల్లో కూడా అలాగే వచ్చి నిలబడేది. తర్వాత వచ్చి నిలబడేది గానీ ఏమీ అనేది కాదు. ఆ తర్వాత రావడం మానేసింది. కొన్నాళ్ళకు వసుంధర పిల్లను తీసుకుని ఇండియా వెళ్ళిపోయిందనీ, భర్త కుటుంబం లేని మగవాళ్ళుండే బ్యాచిలర్ క్యాంపుకు మారాడనీ తెలిసింది. అక్కడైనా మాటలు వచ్చాయా? నేను ఎవరినీ అడగలేదు. అడిగితే ఎందుకని తిరిగి అడుగుతారేమోనని భయం.

ఇప్పుడు మీరేమనుకుంటున్నారో నాకు తెలుసు. నా కడుపున పుట్టినవాడు కూడా అలాగే పుట్టి ఉంటాడని, దేవుడు బాగా బుద్ధి చెప్పి ఉంటాడని. లేదు. నా కొడుకు నిక్షేపంగా పుట్టాడు. ఏడాది నిండకుండానే మాటలు వచ్చాయి. ఇంజనీరింగ్ చదివాడు. నాకు ఏ శిక్షా పడలేదు. అలాంటి పిల్ల పుట్టడం శిక్ష అనుకునే బుద్ధి మీకూ ఉంటే, మనమిద్దరం ఒక తానులో ముక్కలమే. నన్ను తిట్టే ముందు అది కాస్త చూసుకోండి.

భయం వల్ల చేశానని నాకు నేను చాలాకాలం చెప్పుకున్నాను. మరి బిడ్డ క్షేమంగా పుట్టాక భయం పోయింది కదా. వసుంధర అప్పటికి ఇంకా మెసయీద్‌లోనే ఉంది. మా ఇంటి వెనక వరసలోనే. వెళ్ళి చెప్పానా? ప్రెసిడెంటుగారితో ఒక్క మాట అన్నానా? చంకలో కొడుకును వేసుకుని వాళ్ళ ఇంటి ముందు నుంచి నడవకుండా చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని. అప్పుడు ఏ భయం? పరువు. అంతే. పరువు కోసం ఒక పిల్ల నోట్లో మాటను నొక్కేశాను.

ఈ మధ్య హైదరాబాద్‌లో ఒక హోటల్లో భోంచేస్తున్నాం. పక్క టేబుల్ దగ్గర ఒక చిన్నపిల్లాడు చెవులు మూసుకుని ఏడుస్తున్నాడు. తల్లి సముదాయిస్తోంది. మేనేజరు వచ్చి ఆమెతో ఏదో మెల్లగా చెబుతున్నాడు. నా కొడుకు చిరాకుపడ్డాడు. ఇలాంటివాళ్ళని బయటికెందుకు తెస్తారో, ఇంట్లో పెట్టుకోవచ్చుగా అన్నాడు. వాడికి ఆ మాట నేనెప్పుడూ నేర్పలేదు. నేను వాడి మొహం చూస్తూ కూర్చున్నాను. తప్పురా అనాలి. అనలేదు. అంటే, నీకేం తెలుసమ్మా అంటాడు. అప్పుడు చెప్పాల్సి వస్తుంది. ఆ తల్లి పిల్లాణ్ణి ఎత్తుకుని, సగం తిన్న ప్లేటు వదిలేసి వెళ్ళిపోయింది. నేను రెండోసారి కూడా కదలలేదు.

వసుంధర నన్ను క్షమిస్తుందని రాయడం లేదు. క్షమించకపోతేనే నయం. కానీ ఆ తప్పు తనదే అనుకుంటూ, ముందుగా చెప్పకపోవడం వల్లే అలా జరిగిందనుకుంటూ ఆమె బతుకుతోందేమో. ఆ ఒక్కటి నేను భరించలేకపోతున్నాను. నువ్వు చెప్పాల్సింది ఏమీ లేదమ్మా. అది హారిక సీటని నాకు తెలుసు. తెలిసే కూర్చున్నాను.