వెల్దుర్తి దాటినాక ఆగిన బొగ్గు బస్సు

యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క మా సీమ బస్సులు బొగ్గుతో నడిచేవి. బస్సు వెనక ఒక ఇనుప పొయ్యి, అందులో తుమ్మబొగ్గు. అది రాజుకుంటే పుట్టే గ్యాసు గొట్టాల్లోంచి ఇంజను దాకా పోయి, అక్కడ బయటి గాలితో కలవాలి. గాలి ఎక్కువైనా తంటానే, తక్కువైనా తంటానే. డ్రైవరు పక్కన ఒక లివరు ఉండేది. దాన్ని అటూ ఇటూ జరుపుతూ, ఇంజను చప్పుడు విని, ఎంత గాలి వదలాలో తేల్చుకోవాలి. మా అన్న బేతంచెర్ల నుంచి డోన్ మీదుగా కర్నూలుకు అలాంటి బస్సే తోలేవాడు. రాత్రిళ్లు అది మా ఇంటి ముందే నిలబడేది. "నాకు ఇద్దరు పిల్లోళ్లు కాదు, ముగ్గురు. మూడోది పొగ తాగుతాది" అని అమ్మ అందరితో చెప్పి నవ్వేది.

ఆ ఎండాకాలం ఒకనాడు తెల్లవారేసరికి అమ్మకు కడుపులో నొప్పి లేచింది. వామునీళ్లు తాగించాము, ప్రార్థన చేశాము. పొట్ట గట్టిపడి, ముఖం పాలిపోతుంటే ఇక కర్నూలు మిషనాసుపత్రే దిక్కనుకున్నాము. రైలు కోసం సాయంత్రం దాకా కూర్చోవాలి. అందుకని అన్న తన బస్సులోనే వెనక సీటు మీద బొంత పరిచి పడుకోబెట్టాడు. అమ్మ తల నా ఒళ్లో ఉంది.

ఎప్పటి ప్రయాణికులతోనే బయల్దేరిన బస్సు డోన్ దాకా బాగానే వచ్చింది. వెల్దుర్తి దాటినాక ఎత్తులో ఇంజను గుక్క తిప్పుకోలేక ఆగిపోయింది. మావూరి కిరాణా శెట్టి కిందికి దిగుతూ, "ఏమప్పా, ఈ బస్సు మేము ఎక్కేదానికా, తోసేదానికా?" అన్నాడు. ఇంకో రోజైతే నేనూ నవ్వేదాన్ని. ఆ రోజు ఆయన నోట మన్నుకొట్టాలనిపించింది.

"ఏమైందన్నా?" అని అరిచాను.

"యాడో గాలి దూర్తాండాది పాపా. గ్యాసు పలచబడ్తాండాది."

బొగ్గు బస్సుకు తొంభై పాళ్లు అదే రోగం. పొయ్యి మూత సరిగా పడకపోయినా, గొట్టాల అతుకులు వదులైనా దొంగగాలి దూరుతుంది. అందుకే డ్రైవర్లందరూ ఒక డబ్బాలో తడిమట్టి పెట్టుకునేవాళ్లు. అన్న మూతకు మట్టి మెత్తాడు. అతుకు అతుకుకూ మెత్తాడు. అందరూ దిగి తోశారు. నాలుగు అడుగులు కదిలి మళ్లీ చచ్చింది. బొగ్గు కెలికాడు, బూడిద దులిపాడు, మళ్లీ మట్టి మెత్తాడు. ఎండ నడినెత్తికి వస్తోంది. అమ్మ పళ్లు బిగబట్టి నా చెయ్యి పట్టుకుని నలుపుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. "అమ్మ ఈడ పోతాంటే ఇంకా మట్టి పిసుకుతాండావా!" అన్నాను. వాడు తల ఎత్తలేదు.

చివరికి ఇంజను కొసప్రాణంతో కొట్టుకుంటుండగా లివరు ఈ చివరి నుంచి ఆ చివరికి లాగాడు. చప్పుడు మారలేదు. మళ్లీ లాగాడు. అదే చప్పుడు. దొంగగాలి దూరుతుంటే, లివరు తెరిచినప్పుడు ఇంజను ఇంకా పాడవాలి. తెరిచినా మూసినా ఒకటే అంటే అసలు గాలే లోపలికి రావడం లేదు! ఇంతసేపూ వాడు సందులు మూస్తూ వచ్చింది తప్పు రోగానికి.

బస్సు కిందికి దూరాడు. గాలి లోపలికి పోయే గొట్టం మూతి అక్కడే ఉంది. బండల గనుల దారిలో దుమ్ము పోకుండా ఆ మూతికి పలచటి గుడ్డ కట్టడం మా డ్రైవర్ల అలవాటే. అంతకుముందు రెండుసార్లు చూసి, తన గుడ్డేలే అనుకుని వదిలేశాడు. ఇప్పుడు చెయ్యి పెట్టి చూస్తే ఆ గుడ్డ మీద ఇంకో గుడ్డ, రెండు మడతలు. తడిపి కట్టింది. తడికి తెల్లటి బండదుమ్మంతా అంటుకుని, ఎండి, రొట్టెలాగా గట్టిపడింది. విప్పి నా వైపు చూపించాడు. అమ్మ పాత చీర కొంగు. ముందురోజు సాయంత్రం, ఒంట్లో బాగున్నప్పుడు, నీళ్లకుండ మూతికి కట్టినట్టే బస్సుకూ కట్టింది.

వాడు ఆ గుడ్డను చొక్కాలోకి దోపుకున్నాడు. ఈసారి తొయ్యగానే ఇంజను అందుకుంది.

అమ్మ కళ్లు తెరిచింది. "ఏమాయె నాయనా బండికి?"

"బొగ్గు పచ్చిదమ్మా" అన్నాడు వాడు ముందు నుంచే.

"దుమ్ము పోయిందేమో అనుకుంటి. నిన్న నేను గుడ్డ కట్టింటి గదా."

"నీ గుడ్డే కాపాడిందమ్మా. లేకుంటే ఇంజను పోయేది."

అమ్మ ముఖంలో, అంత నొప్పిలోనూ, చిన్న సంతోషం కనిపించింది. "శానా మంచిదాయె" అంది. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు. కర్నూలు చేరేసరికి ఆమె చెయ్యి నా చేతిలో చల్లబడింది. పేగు మెలిపడిందని, పొద్దెక్కక ముందే తెచ్చుంటే కోసి చూసేవాళ్లమని డాక్టరమ్మ చెప్పింది. అన్న తల ఊపాడు. అయ్యో, ఆ తల ఊపడం ఇప్పటికీ నాకు గుండెకోతే.

మరునాడు మా ఊరి చర్చి వెనక సమాధి చేశాము. పాస్టరయ్య ప్రార్థన ముగిసి జనం కదులుతుంటే, శెట్టి పక్కనున్నవాళ్లతో గొంతు తగ్గించకుండానే అన్నాడు: "పచ్చి బొగ్గేసుకుని బయల్దేరినాడు. బండి చూసుకోలేనోడు తల్లిని తినేసినాడు."

నేను విసురుగా ఆయన మీదికి పోయాను. నిజం నాలుక చివరి దాకా వచ్చింది. అన్న వెనక నుంచి నా రెక్క పట్టుకుని ఆపాడు.

"అమ్మను మాట అనిపిస్తావా పాపా?" అన్నాడు మెల్లగా.

నేను వెనక్కి తగ్గాను. వాడు మట్టి చేతులతోనే పోయి, సమాధికి వచ్చినందుకు శెట్టికి దండం పెట్టాడు.