రెప్ప వేయని కళ్ళు

నా తోడికోడలి కళ్ళంటే నాకు అసూయ. అందానికి కాదు. ఇద్దరం ఒకే చూరు కింద, పక్కపక్క పొయ్యిల మీద ఇన్నేళ్ళుగా పూతరేకులు తీస్తున్నాం. అదే పొగ, అదే సెగ. సాయంత్రానికి నా కళ్ళు ఇసుక పోసినట్టు గరగరలాడతాయి. అది మొహం కడుక్కుని పువ్వులు పెట్టుకుంటుంది. ఇదెక్కడి న్యాయం?

మా పని తెలియనివాళ్ళకి చెప్తాను. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి గుడ్డని బియ్యప్పిండి నీళ్ళలో ముంచి కుండ మీద ఒక్కసారి లాగాలి. చిటికెలో రేకు లేస్తుంది. ఆ క్షణం పట్టుకోకపోతే మాడుతుంది, లేదా చిరుగుతుంది. రేకు చేతికొచ్చేదాకా రెప్ప వేయకూడదని మా అత్తగారు మొదటిరోజే చెప్పింది. నేను ఆ మాట గట్టిగా పట్టుకున్నాను. నా తోడికోడలు మాత్రం కబుర్లు చెబుతూ, పక్కకి తిరుగుతూ, తుమ్ముతూ తీసేది. రేకులు చిరిగేవి. తిట్లు తినేది. నవ్వేది.

రేకులు పోతే పోనీ. నాకు అసలు బాధ చదువు దగ్గర వచ్చింది. మనవరాలు బడిలో చేరిన రోజుల్లో, దాని పక్కన కూర్చుని నేనూ అక్షరాలు నేర్చుకున్నాను. తర్వాత్తర్వాత గ్రంథాలయం నుంచి నవల తెచ్చి, మధ్యాహ్నం పొయ్యిలు ఆర్పాక చుట్టుపక్కల ఆడవాళ్ళందరికీ పైకి చదివేదాన్ని. ఆ కాసేపు నాది. పోయిన ఎండాకాలం నుంచి నాలుగు పేజీలు చదివేసరికి అక్షరాలు అలుక్కుపోవడం, మంట, నీళ్ళు. కళ్ళజోడు మార్చాను. ఆముదం చుక్క వేసుకున్నాను. ఇంకా మండింది. ఒకరోజు నేను పుస్తకం దించగానే తోడికోడలు చేయి చాపి అందుకుంది.

"నువ్వు కళ్ళు తుడుచుకో అక్కా, నేను చదువుతాలే."

ఎనిమిదో తరగతి దాకా చదివి, ఇన్నేళ్ళూ పుస్తకం ముట్టని మనిషి! గడగడా చదివేసింది. "రేపు కూడా నువ్వే చదువమ్మా" అన్నారు అందరూ. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

రాజమండ్రి కంటి డాక్టరమ్మ దగ్గరికి నన్ను అదే తీసుకెళ్ళింది. బస్సు ఆనకట్ట మీదకి రాగానే గోదావరి గాలి నా కళ్ళని కోసింది. అది కిటికీ పక్కన హాయిగా ఆ గాలికి మొహం పెట్టి కూర్చుంది.

"కళ్ళు పొడిబారాయమ్మా" అంది డాక్టరమ్మ.

"ఇలా కారిపోతుంటే పొడేంటండీ?"

"కంటి మీద ఉండాల్సిన తడి పొర ఆరిపోతోంది. ఆ మంటకి నీళ్ళు ఊరుతున్నాయి, కానీ నిలవట్లేదు. వయసుకి తోడు పొగా, సెగా."

ఎంత తడి ఉందో చూడ్డానికి సన్నటి కాగితం ముక్క నా కింది రెప్పలో తగిలించింది.

"మా అక్క కంట్లో కూడా రేకు వేస్తున్నారాండీ?" అంది నా తోడికోడలు. డాక్టరమ్మ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

తర్వాత నా చేత ఏదో చదివించి, "మీరు చదివేటప్పుడు రెప్పే వేయట్లేదేంటమ్మా?" అంది.

"వేస్తే వరస తప్పిపోతానండీ."

కుండ దగ్గర పట్టిన పట్టు నేను పుస్తకం దగ్గరా వదల్లేదన్నమాట.

ఆముదం మానమంది. చుక్కల మందిచ్చింది. గోరువెచ్చటి నీళ్ళలో పిండిన గుడ్డ మూసిన రెప్పల మీద వేసుకోమంది. ఫ్యాను గాలి మొహానికి తగలనివ్వద్దంది. రెప్ప వేస్తూ చదవమని, పేజీకోసారి కళ్ళు మూసుకోమని చెప్పింది. నొప్పెక్కువైనా, చూపు తగ్గినా వెంటనే రమ్మంది. ఆ చుక్కలు నాకు నేను వేసుకుంటే చెంప మీద పడతాయి. "పైకి చూడక్కా, నన్ను కాదు" అంటూ అదే వేస్తుంది. అందుకూ నాకు కుళ్ళే.

మంట కాస్త తగ్గాక, "పుస్తకం ఇలా తే" అన్నాను. పేజీ చదివి కళ్ళు మూసుకున్నాను. తరవాతి పేజీ అది అందుకుంది. ఆ పేజీ నేను పొద్దునే ఒకసారి చదివి పెట్టుకున్నాను.

"ఆగు. పడవలో అత్తాకోడళ్ళ తగువేదీ?"

"చాలా పొడుగుందక్కా. వీళ్ళు నిద్రపోతారు."

"ఇన్నాళ్ళూ ఇలాగే దాటేస్తూ చదివావా?"

"ఓసి నీ దుంపతెగ, మా తగువులన్నీ మింగేశావా!" అంది పొరుగింటి పెద్దావిడ.

పుస్తకం లాక్కుని, ఆ తగువు మొదట్నుంచీ చదివాను, వాక్యం వాక్యానికీ రెప్ప వేస్తూ, మధ్యలో ఆగుతూ. నేను కళ్ళు మూసుకున్నంతసేపూ అందరూ కాచుక్కూర్చున్నారు. నా తోడికోడలిని చదవమని ఎవరూ అడగలేదు.